కొండ మీద పార్టీలు... కొండ కింద కుర్చీ!

సినిమాలో స్పీకర్ వేషం వేయడం చాలా తేలిక. పొడుగాటి డైలాగులుండవు. ఎత్తయిన కుర్చీలో కూర్చోవాలి. ‘కూర్చోండి... దయచేసి కూర్చోండి’ అని నాలుగుసార్లు అనాలి. మధ్యలో ఒకసారి గంట కొట్టాలి. హీరో లేచి ‘అధ్యక్షా...’ అని గొంతెత్తగానే కళ్లజోడు సవరించుకుని బుద్ధిగా వినాలి. అంతే, ప్యాకప్!

ఫిల్మ్‌నగర్ కథకులకు ముఖ్యమంత్రి పాత్ర అంటే మహా మోజు. ‘లీడర్’ (2010), ‘భరత్ అనే నేను’ (2018)... రెండింట్లోనూ హీరో ముఖ్యమంత్రే. స్పీకర్ హీరో అయిన తెలుగు సినిమా ఒక్కటి చెప్పమంటే మాత్రం ఎవరైనా తల గోక్కోవాల్సిందే.

కానీ అదే ఫిల్మ్‌నగర్‌లో కారెక్కి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి, కేబీఆర్ పార్కు పక్కనుంచి బంజారాహిల్స్ మీదుగా కిందికి దిగుతూ పోతే దారి పొడవునా ఆ కుర్చీ కథలే వినిపిస్తాయి. ఈ కొండల మీద తెలుగుదేశం పార్టీ ఎన్టీఆర్ భవన్ ఉంది. భారత రాష్ట్ర సమితి తెలంగాణ భవన్ ఉంది. రోడ్ నంబర్ 12లో ఏకంగా ఎమ్మెల్యే కాలనీయే ఉంది. మంత్రుల క్వార్టర్లూ ఇక్కడే. కొండ దిగి మాసాబ్ ట్యాంక్, లక్డీకాపూల్ దాటితే పబ్లిక్ గార్డెన్స్... అక్కడ అసెంబ్లీ. అందులో అన్నిటికన్నా ఎత్తున ఒక్క కుర్చీ.

అందులో కూర్చునే మనిషి పార్టీని కొండ మీదే వదిలేసి కిందికి రావాలన్నది రాజ్యాంగం ఆశ. నిజంగా వదిలి వస్తున్నారా? ట్రాఫిక్ కరుణిస్తే అరగంట ప్రయాణం. ఆ సంగతి ఆలోచించుకుంటూ వెళ్లడానికి ఈ దారిని మించింది లేదు.

రాళ్ల మధ్య ఇల్లు

ఇప్పుడు గజం ధర వింటే గుండె ఆగిపోయే ఈ చోటు ఒకప్పుడు ఊరవతల రాళ్లగుట్ట. బంజారాలు తిరిగిన నేల కాబట్టే ఆ పేరు. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి బండరాళ్లను తొలగించకుండా వాటినే గోడలుగా కలుపుకుని ఇల్లు కట్టుకున్నాడు. ఆ తర్వాతే పెద్దింటివాళ్లకు ఈ కొండల మీద మనసు పడింది.

1952లో హైదరాబాద్ రాష్ట్రంలో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయితే, ఈ రాళ్లింటి నవాబుగారు ఆ మంత్రివర్గంలో మంత్రి. 1960లో గుజరాత్ తొలి గవర్నరూ ఆయనే. నిన్నటిదాకా నిజాం కొలువు చూసిన మనుషులు ఇప్పుడు ఎన్నికైన ఒక సభలో లేచి నిలబడి, అధ్యక్షుడి అనుమతి తీసుకుని మాట్లాడాల్సి వచ్చింది. ఆ అధ్యక్షుడు కాశీనాథరావు వైద్య, 1952 నుంచి 1956 దాకా హైదరాబాద్ అసెంబ్లీ స్పీకర్. దర్బారులో పాలకుడికి సలాం చేయాలి. సభలో పాలకుడే లేచి ‘అధ్యక్షా’ అనాలి. ఈ ఒక్క మార్పు చూస్తే చాలు, ఏం జరిగిందో అర్థమవుతుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ కుర్చీలో మొదట కూర్చున్నది అయ్యదేవర కాళేశ్వరరావు. బెజవాడ స్వాతంత్ర్య సమరయోధుడు. 1962లో కన్నుమూసేదాకా ఆయనే స్పీకర్. విజయవాడలో కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు కొనేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

తాతది కుర్చీ, మనవడిది కలం

మళ్లీ ఫిల్మ్‌నగర్‌కి ఒక్కసారి వెనక్కి వెళ్లాలి. స్పీకర్ పదవికీ సినిమాకీ సంబంధమే లేదనుకుంటే పొరపాటు. బాపట్లకు చెందిన కోన ప్రభాకరరావు కుర్రతనంలో సినిమా మనిషి. ‘ద్రోహి’ (1948) వంటి చిత్రాల్లో నటించారు. తర్వాత రాజకీయాల్లోకి వచ్చి 1980-81లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్పీకరయ్యారు. మహారాష్ట్ర గవర్నరుగానూ పనిచేశారు. ఆయన కుమారుడు కోన రఘుపతి 2019 నుంచి 2022 దాకా ఆంధ్రప్రదేశ్ డిప్యూటీ స్పీకర్. మనవడు సినీ రచయిత కోన వెంకట్. ఆయన మాటలు రాసిన ‘దూకుడు’ (2011)లో హీరో మహేశ్‌బాబు తండ్రి కోసం ఎమ్మెల్యేగా నటిస్తాడు. తాత నటన మానేసి నిజం సభకి వెళ్తే, మనవడు నకిలీ ఎమ్మెల్యేని సృష్టించి కడుపుబ్బ నవ్వించాడన్నమాట.

ఇంకో ముచ్చట. కేబీఆర్ పార్కు దాటగానే కనిపించే బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రికి తొలినాళ్లలో చైర్మన్‌గా ఉన్నది డాక్టర్ కోడెల శివప్రసాదరావు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌కి ఆయనే తొలి స్పీకర్. అదే ఆస్పత్రికి తర్వాత చైర్మన్ అయిన నందమూరి బాలకృష్ణ, కోడెల అధ్యక్షతన నడిచిన సభలో హిందూపురం ఎమ్మెల్యే. ఈ కొండల మీద వెండితెరకీ సభకీ మధ్య గోడ ఏనాడూ పెద్ద మందం లేదు.

రోడ్ నంబర్ 13

కారు రోడ్ నంబర్ 13 వైపు తిరిగితే పాతతరం వాళ్లు కాసేపు మౌనంగా ఉంటారు. నందమూరి తారక రామారావు చివరి రోజులు గడిపిన ఇల్లు ఈ రోడ్డులోనే. 1996 జనవరి 18న ఆయన కన్నుమూసిందీ ఇక్కడే.

ఎన్టీఆర్ రాజకీయ జీవితంలో రెండు ఆగస్టులున్నాయి. రెండింట్లోనూ అసలు ప్రశ్న ఒకటే: బలం ఎవరిదో ఎక్కడ తేల్చాలి?

మొదటిది 1984. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తొలగించి, నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ‘సభ పెట్టండి, అక్కడ తేల్చుకుందాం’ అన్నదే ఎన్టీఆర్ పట్టు. తన ఎమ్మెల్యేలను నాచారంలోని సొంత రామకృష్ణా స్టూడియోలో ఉంచారు, ఢిల్లీకి తీసుకెళ్లి రాష్ట్రపతికి చూపించారు, కర్ణాటకకి తరలించారు. సెప్టెంబరులో సభ కూర్చుంది. స్పీకర్ పదవి అప్పటికే ఖాళీ! తాత్కాలిక స్పీకర్లతో నెట్టుకొచ్చారు. గలాటాల మధ్య బలపరీక్ష జరగనే లేదు. చివరికి భాస్కరరావు బలం చూపలేక దిగిపోయారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. నిశ్శంకరరావు వెంకటరత్నం కొత్త స్పీకరయ్యారు. కుర్చీ ఖాళీగా ఉంటే సభ ఎంత నిస్సహాయంగా ఉంటుందో తెలుగువాళ్లు చూసింది ఆ నెలలోనే.

రెండోది 1995. ఈసారి ఎమ్మెల్యేలు చేరింది ట్యాంక్‌బండ్ దగ్గరి వైస్రాయ్ హోటల్లో. ఇటు కొండ మీద రోడ్ నంబర్ 13 ఇల్లు, అటు హుస్సేన్‌సాగర్ ఒడ్డున హోటల్. కుర్చీలో యనమల రామకృష్ణుడు. శాసనసభాపక్షం ఎటు ఉంటే పార్టీ అటే అన్న లెక్క నెగ్గింది. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. సభలో తనకి మాట్లాడే అవకాశమే ఇవ్వలేదన్న బాధ ఎన్టీఆర్‌ని చివరిదాకా వదల్లేదు. మూడు గంటల సినిమాని ఒంటి గొంతుతో నడిపిన మనిషికి ఒక్క మైకు దొరకలేదు! సంఖ్య ప్రకారం తీర్పు సరైనదే అనేవాళ్లున్నారు. కావచ్చు. కానీ సంఖ్య లేనివాడి మాట కూడా వినిపించేలా చూడటానికే కదా ఆ కుర్చీ అంత ఎత్తులో వేసింది?

విధి ఎంత చిత్రమైనదో చూడండి. 1984లో సభలో బలం చూపలేక పదవి వదులుకున్న భాస్కరరావు కుమారుడు నాదెండ్ల మనోహర్ 2011లో అదే సభకి స్పీకరయ్యారు. సమైక్య రాష్ట్రానికి చివరి స్పీకర్ కూడా ఆయనే. 2014 జనవరి 30న రాష్ట్ర విభజన బిల్లుని తిరస్కరించాలన్న తీర్మానాన్ని అరుపులు, నినాదాల మధ్య మూజువాణి ఓటుకి పెట్టి, నెగ్గిందని ప్రకటించింది ఆయనే. తీర్మానం పెట్టిన ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి అంతకుముందు స్పీకర్. 2010 నవంబరులో ఆ కుర్చీ దిగి నేరుగా ముఖ్యమంత్రి అయ్యారు. ‘అవును’ అన్నవాళ్లెందరు, ‘కాదు’ అన్నవాళ్లెందరు అని తలలు లెక్కపెట్టని ఓటు అది. పార్లమెంటు తన దారిన తాను బిల్లు ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. తర్వాత రెండేళ్లకుపైగా పబ్లిక్ గార్డెన్స్ ప్రాంగణంలోనే రెండు రాష్ట్రాల సభలు, ఇద్దరు స్పీకర్లు! 2017లో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడికి తరలిపోయింది.

గంట కొట్టే చెయ్యి

ఇంతకీ స్పీకర్ చేతిలో ఏముంది? ప్రశ్నోత్తరాల్లో ఎవరిని పిలవాలి, ఏ వాయిదా తీర్మానాన్ని తోసిపుచ్చాలి, ఏ మాటని రికార్డుల నుంచి తొలగించాలి, పోడియం చుట్టుముట్టినవాళ్లని ఏం చేయాలి... అన్నీ ఆయన ఇష్టం. ఏది ద్రవ్య బిల్లో తేల్చే మాటా ఆయనదే. చేతిలో లేనిది ఒకటే: ఓటు. రెండు వైపులా సమానంగా పడితే తప్ప స్పీకర్ ఓటు వేయకూడదు. ఆయన్ని దించాలంటే పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అప్పుడు సభలో ఉన్న మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. అంత గట్టి రక్షణ ఎందుకిచ్చారంటే, ఎవరికీ భయపడకూడదని.

ఆ అధికారానికీ హద్దు ఉంటుందని అర్థమవడానికి చాలాకాలం పట్టింది. నటి రోజా ఉదంతమే తీసుకోండి. 2015 డిసెంబరులో నగరి ఎమ్మెల్యేగా ఉన్న ఆమెని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఏడాది పాటు సస్పెండ్ చేసింది. ఆమె కోర్టులకెక్కారు. అసెంబ్లీ ముందు బైఠాయించారు. అప్పట్లో అది టీవీ చర్చలకు మంచి మసాలా అయింది, అంతే. కానీ ఒక ఎమ్మెల్యేని ఏడాది పాటు బయట నిలబెడితే ఆ నియోజకవర్గం గొంతు ఏడాది పాటు మూసేసినట్టే కదా! 2022 జనవరిలో మహారాష్ట్రకి చెందిన పన్నెండుమంది ఎమ్మెల్యేల కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. నడుస్తున్న సమావేశాలు ముగిసేదాకా తప్ప అంతకుమించి సస్పెండ్ చేయడం చెల్లదంది.

అచ్చిరాని పదవి

రోడ్ నంబర్ 12 ఎమ్మెల్యే కాలనీ దాకా వచ్చాం. ఆ ముచ్చట ఇక్కడే చెప్పుకోవాలి. స్పీకర్ పదవి అచ్చిరాదని రాజకీయ నాయకుల్లో ఒక సెంటిమెంటు ఉంది. లెక్క చూస్తే భయపడాల్సిందే. ఆంధ్రప్రదేశ్ తొలి మహిళా స్పీకర్ ప్రతిభా భారతి 2004లో ఓడారు. తర్వాతి స్పీకర్ సురేశ్‌రెడ్డి 2009లో, మనోహర్ 2014లో, తెలంగాణ తొలి స్పీకర్ మధుసూదనాచారి 2018లో, కోడెల 2019లో, తమ్మినేని సీతారాం 2024లో... వరుసగా ఓటమే. 2023లో బాన్సువాడలో గెలిచి పోచారం శ్రీనివాసరెడ్డి ఆ శాపాన్ని తప్పించుకున్నారు.

దీనికి జాతకాలు చూడక్కర్లేదు. మిగతా ఎమ్మెల్యేలు సభలో తమ ఊరి రోడ్డు గురించీ, చెరువు గురించీ అరిచి గోల చేస్తారు. అది మర్నాడు పేపర్లో వస్తుంది. స్పీకర్ ఆ గోల వింటూ కూర్చోవాలి తప్ప తన ఊరి చెరువు గురించి నోరెత్తకూడదు. ఇంగ్లండ్‌లో ఆ కుర్చీ ఎక్కినవాళ్లు పార్టీకి రాజీనామా చేస్తారు. మళ్లీ పోటీ చేసినప్పుడు పెద్ద పార్టీలు వాళ్లమీద అభ్యర్థిని పెట్టకపోవడం ఆనవాయితీ. మనకి ఆ మర్యాద లేదు. స్పీకర్ కూడా టికెట్టు కోసం మళ్లీ కొండెక్కి పార్టీ ఆఫీసు గుమ్మం ముందు నిలబడాల్సిందే. ఇక పార్టీని ఎలా వదులుకుంటాడు?

వదులుకునే దారి చట్టంలో ఉంది మరి. స్పీకర్‌గా ఎన్నికైనందుకు పార్టీకి రాజీనామా చేసి, పదవి దిగాక మళ్లీ చేరినా అనర్హత వర్తించదని ఫిరాయింపుల నిరోధక చట్టమే చెబుతోంది. చట్టం రాకముందే ఆ పని చేసి చూపించింది మన నీలం సంజీవరెడ్డి. 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్‌కి రాజీనామా చేశారు. ఆ బాట పట్టినవాళ్లు మాత్రం అరుదు.

ఖైరతాబాద్ ఓటరు సంగతి

1985లో వచ్చిన ఆ చట్టమే స్పీకర్‌ని జడ్జిగా మార్చింది. పార్టీ మారిన ఎమ్మెల్యే సభ్యత్వం ఉండాలో పోవాలో తేల్చేది ఆయనే. తీర్పుకి గడువు మాత్రం చట్టంలో రాయలేదు. అసలు చిక్కంతా అక్కడే! తెలుగుదేశం టికెట్టు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ 2014 డిసెంబరులో తెలంగాణ మంత్రి అయ్యారు. వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి వచ్చిన నలుగురు 2017లో ఆంధ్రప్రదేశ్ మంత్రులయ్యారు. 2019 జూన్‌లో పన్నెండుమంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారని స్పీకర్ పోచారం గుర్తించడంతో కాంగ్రెస్‌కి ప్రతిపక్ష హోదాయే పోయింది. అధికారంలో ఎవరున్నా కథ మారలేదు. పాత్రలే మారాయి.

బంజారాహిల్స్ వాళ్లకిది ఎక్కడో జరిగిన కథ కాదు. ఈ కొండ ఖైరతాబాద్ నియోజకవర్గంలోనే ఉంది. 2023 నవంబరు 30న ఇక్కడి ఓటర్లు క్యూలో నిలబడి బీఆర్ఎస్ అభ్యర్థి దానం నాగేందర్‌ని గెలిపించారు. 2024 మార్చిలో ఆయన కాంగ్రెస్‌లో చేరారు. మేలో కాంగ్రెస్ గుర్తు మీదే సికింద్రాబాద్ లోక్‌సభకి పోటీ చేసి ఓడారు. అసెంబ్లీ సభ్యత్వం మాత్రం అప్పట్లో అలాగే ఉండిపోయింది. ఒకే మనిషి ఒక పార్టీ ఎమ్మెల్యే, ఇంకో పార్టీ ఎంపీ అభ్యర్థి! ‘మరి మేం వేసిన ఓటు ఎవరికి పడినట్టు?’ అని ఓటరు అడిగితే, జవాబు చెప్పాల్సింది కొండ దిగువన ఉన్న ఆ ఒక్క కుర్చీ.

ఆయనతో కలిపి పదిమంది మీద పిటిషన్లు పడ్డాయి. ఆ పదిమందిలో ఒకరెవరో తెలుసా? పోచారం! నిన్న ఆ కుర్చీలో కూర్చుని ఇలాంటి లెక్కలే తేల్చిన మనిషి, అదే కుర్చీ ముందు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నెలలు గడిచాయి. హైకోర్టు దాటి కేసు ఢిల్లీ చేరింది. 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని తెలంగాణ స్పీకర్‌ని ఆదేశించింది. అసలు ఈ పని స్పీకర్ల చేతిలో ఉంచడం సబబేనా అని పార్లమెంటునే ఆలోచించమంది. డిసెంబరులో అయిదుగురి మీద పిటిషన్లను స్పీకర్ గడ్డం ప్రసాద్‌కుమార్ కొట్టేశారు. ఆ అయిదుగురిలో ఖైరతాబాద్ లేదు. అంటే అప్పటికే ఓటేసి రెండేళ్లు దాటింది. అయిదేళ్ల పదవిలో రెండేళ్లంటే తక్కువేం కాదు.

స్పీకర్ ఏ తీర్పు ఇచ్చినా ఒక పక్షం తిడుతుంది. అది తప్పదు. కోర్టుకి వెళ్లే దారి కూడా 1992 నుంచీ ఉంది. కానీ తీర్పే రాకపోతే దేని మీద అప్పీలు చేయాలి? తప్పుడు తీర్పు కన్నా ఇవ్వని తీర్పుతోనే ఓటరుకి ఎక్కువ నష్టం.

అదుగో అసెంబ్లీ

మాసాబ్ ట్యాంక్ వచ్చేసింది. లక్డీకాపూల్ దాటి రవీంద్రభారతి సిగ్నల్ దగ్గర ఆగితే ఎదురుగా తెల్లటి గుమ్మటాలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో టౌన్‌హాలుగా మొదలుపెట్టారు. 1913లో పూర్తయింది. ఆయనేమో 1911లోనే పోయారు. రాజుగారి పుట్టినరోజు కానుక జనం సభగా మారింది.

సమావేశాల రోజుల్లో పాసు దొరికితే సందర్శకుల గ్యాలరీలో కూర్చోవచ్చు. పిల్లలని తీసుకెళ్తే ముందే చెప్పి తీసుకెళ్లాలి: చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు, లోపల సెల్‌ఫోన్ ఉండకూడదు. గంట మోగుతుంది. సభాపతి వస్తున్నారని కేక వినిపిస్తుంది. ముఖ్యమంత్రి సహా అందరూ లేచి నిలబడతారు. ఆయన చేతులు జోడించి కుర్చీలో కూర్చున్నాకే మిగతావాళ్లు కూర్చోవాలి. తర్వాత ఓ పావుగంటకి పోడియం చుట్టూ ప్లకార్డులు లేచినా, ఆ ఒక్క నిమిషం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది.

సాయంత్రం సభ వాయిదా పడగానే కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి గేటు దాటుతాయి. లక్డీకాపూల్ దగ్గర పోలీసులు ట్రాఫిక్ ఆపేస్తారు. సైరన్లు మోగించుకుంటూ కాన్వాయ్‌లు మాసాబ్ ట్యాంక్ వైపు తిరుగుతాయి. మళ్లీ కొండెక్కాలిగా మరి!